శివారుకి నీళ్ళు రావు గానీ కోపం మాత్రం వచ్చేస్తుంది

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న బుధవారం పొద్దున్న మా దగ్గర రైల్వే గేటు కాడ ఒక కుర్రోడు గేట్‌మ్యాన్ చొక్కా పట్టుకున్నాడండి. ఒక రైలు వెళ్ళిపోయింది, గేటు లేవలేదు, రెండో పక్క నుంచి ఇంకో రైలు రావాలి, డబ్లింగ్ అయ్యి రెండు లైన్లు పడ్డాక ఇది మామూలే కదా. కుర్రోడికి ఏదో ఇంటర్వ్యూనో పరీక్షో ఉందంట, బండి దిగి సరాసరి క్యాబిన్ లోకి వెళ్ళిపోయి "నీకు జీతం ఇచ్చేది నిద్రపోడానికా" అని గట్టిగా అరిచాడు. ఆ గేట్‌మ్యాన్‌కి మా నాన్న వయసు కాకపోయినా మా బాబాయి వయసు ఉంటుంది, ఒక చేత్తో ఫోన్ రిసీవర్ పట్టుకునే ఉన్నాడు, రెండో చేత్తో చొక్కా విడిపించుకుంటున్నాడు. మేం నలుగురం వెళ్ళి విడదీశాం. ఆ గేటు ఎక్కడిదో, కుర్రోడు ఎవరో రాయడం నా ఉద్దేశం కాదు. వాడు అన్న మాటలాంటిదే రెండేళ్ళ కింద నేనూ ఇంకొక మనిషిని అన్నాను, అది గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

నేను నరసాపురం దగ్గర ఒక పల్లెటూళ్ళో రెండున్నర ఎకరాలు చేసుకునే రైతుని, అందులో ఎకరం కౌలు. మాది కాలవకి ఆఖరి ఊరు. శివారు అంటే ఏంటో డెల్టాలో పుట్టినోళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, కానీ మీ పేపరు హైదరాబాద్‌లో కూడా చదువుతారు కాబట్టి రెండు ముక్కలు చెప్తాను. ధవళేశ్వరం దగ్గర గోదారికి కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కి ఆనకట్ట కట్టించాడు, దాని మీద తూర్పు, మధ్య, పశ్చిమ అని మూడు డెల్టాలు, అన్నీ కలిపి పది లక్షల ఎకరాల పైనే. మా పశ్చిమ డెల్టాకి విజ్జేశ్వరం దగ్గర కాలవ మొదలవుతుంది. అక్కణ్ణుంచి లాకులు, తూములు, పిల్లకాలవలు, బోదెలు అన్నీ దాటుకుని మా చేలోకి నీళ్ళు రావాలి. సార్వాకి, అంటే వానాకాలం పంటకి, ఇబ్బంది లేదు, అప్పుడు నీళ్ళు ఎక్కువై ముంపుకి ఏడుస్తాం. దాళ్వాకి, అంటే రెండో పంటకి, వచ్చేసరికి గోదారిలో సహజంగా వచ్చే నీళ్ళు తగ్గిపోతాయి, సీలేరు కరెంటు కేంద్రాల నుంచి వదిలే నీళ్ళ కోసం చూస్తాం, అవీ చాలకపోతే వంతులు పెడతారు. ఇన్ని రోజులు ఆ కాలవకి, ఇన్ని రోజులు ఈ కాలవకి అని. సముద్రం పక్కనే ఉన్నోళ్ళం కదా, మా వంతు తప్పిందంటే చేను ఎండడం ఒక్కటే కాదు, కింద నుంచి ఉప్పు పైకి తేలుతుంది, చుట్టూ రొయ్యల చెరువులు ఉంటే ఇంక చెప్పక్కర్లేదు.

రెండేళ్ళ కింద దాళ్వాలో మార్చి నెల. చేను పొట్ట మీద ఉంది, అంటే వెన్ను ఇంకా బయటికి రాలేదు, ఆ టైములో నీళ్ళు లేకపోతే గింజ తాలిపోతుంది. మూడు రోజుల నుంచి బోదెలో చుక్క లేదు, మడి నెర్రెలిచ్చేసింది, నెర్రెలో నా వేళ్ళు నాలుగూ దూరిపోతున్నాయి. రాత్రి రెండింటికి టార్చి పట్టుకుని తూము దగ్గరికి వెళ్ళాను. అక్కడ మా లస్కరు ఉన్నాడు. లస్కరంటే కాలవ మీద తూముల షట్టర్లు ఎత్తడం దించడం, గట్టు చూసుకోవడం చేసే మనిషి. మోకాలు లోతు నీళ్ళల్లో నిలబడి గుర్రపుడెక్క లాగుతున్నాడు, ఒక్కడే. నాకు అదేం కనపళ్ళేదు, తూము మూసి ఉండడం ఒక్కటే కనపడింది. నోటికొచ్చింది అనేశాను. పైవోళ్ళ దగ్గర ఎంత తీసుకున్నావన్నాను, నీళ్ళు అమ్ముకుని తింటున్నావన్నాను, ఇంకా అన్నాను, అవి పేపర్లో రాసేవి కాదు.

ఆయన ఒక్క మాట తిరిగి అనలేదండి. గట్టెక్కి, చేతులు లుంగీకి తుడుచుకుని, జేబులోంచి పాలిథిన్ కవరు తీశాడు, అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం, వంతుల తారీకులు. నా టార్చి వెలుగులోనే వేలు పెట్టి చూపించాడు. "ఇదిగోండి, మన తూముకి రేపు సాయంత్రం ఆరింటికండి. నీళ్ళు నా చేతిలో ఉంటే మీరు అడక్కముందే వదులుదునండి. ఏఈ ఇంజినీరు గారు నన్ను తిడతారండి, ఆయన్ని పై ఆఫీసర్లు తిడతారంటండి, మీరొచ్చి నన్ను తిడుతున్నారు, నేను ఇంటికెళ్ళి మా చిన్నోడి మీద అరుస్తానండి, ఆడికి ఆరేళ్ళు, ఆడు ఎవర్ని తిడతాడండీ" అన్నాడు. కోపంగా అనలేదు, నిజంగా నన్ను అడుగుతున్నట్టే అన్నాడు. కాళ్ళకి బురద అంటి ఉంది, మోకాలు కింద జలగ పట్టిన చోట రక్తం కారుతోంది, ఆయన చూసుకోను కూడా లేదు.

నేను ఏం చెప్పాలో తెలీక గట్టు మీద అలా కూర్చుండిపోయాను. ఆ రాత్రి నాకు అర్థమైంది ఇదే, కోపం కూడా కాలవలాగే పైనుంచి కిందికి పారుతుంది. తేడా ఏంటంటే నీళ్ళయితే మధ్యలో ఎవరో ఒకళ్ళు ఇంజన్లు పెట్టి తోడేసుకుంటారు, శివారుకి చేరవు, కోపాన్ని మాత్రం మధ్యలో ఎవరూ ఆపరు, ఎవడికి వచ్చింది వాడు కింద వాడి మీదకి వదిలేస్తాడు, ఆఖరికి అది ఆరేళ్ళ పిల్లాడి మీద పడుతుంది. ఆ పిల్లాడికి సీలేరు అంటే ఏంటో తెల్సా, వంతులంటే తెల్సా?

తర్వాత సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నేనేదో ఊరికే సహనం గురించి పాఠం చెప్తున్నా అనుకుంటారు. ఆ రాత్రే ఆయన్ని అడిగితే తెలిసింది, పైన రెండు మూడు చోట్ల కాలవకి అడ్డుకట్టలు వేసి ఆయిల్ ఇంజన్లతో తోడుతున్నారు, ఈయన వెళ్ళి చెప్తే కొట్టేలా ఉన్నారంట, పైన చెప్తే చూద్దామంటున్నారంట. ఆయనకి జీతం వచ్చి నాలుగు నెలలయ్యిందంట, ఔట్‌సోర్సింగ్ కదా. పొద్దున్నే మేం పన్నెండు మంది రైతులం కలిసి కాగితం రాసుకున్నాం, ఎక్కడెక్కడ అడ్డుకట్టలున్నాయో, ఏ తారీకు నుంచి నీళ్ళు రాలేదో, ఎన్ని ఎకరాలో అన్నీ రాసి, నీటి సంఘం వాళ్ళకి ఒకటి, ఇరిగేషన్ ఆఫీసులో ఒకటి ఇచ్చి రసీదు తీసుకున్నాం, సోమవారం భీమవరం కలెక్టరేట్‌కి వెళ్ళి అర్జీ కూడా పెట్టాం. లస్కరు జీతం సంగతి కూడా అందులోనే రాశాం. రెండో రోజు రాత్రి ఆఫీసర్లు వచ్చి ఇంజన్లు తీయించారు. నీళ్ళు వచ్చాయి, ఒకటిన్నర రోజు లేటుగా వచ్చాయి, నాకు ఎకరానికి ఐదారు బస్తాలు తగ్గింది, అబద్ధం చెప్పను. లస్కరుకి రెండు నెలల జీతం పడింది, మిగతాది తర్వాత ఎప్పుడో. పూర్తిగా గెలిచామని చెప్పలేను గానీ ఆ రాత్రి ఆయన్ని తిట్టిన తిట్లకి ఒక్క చుక్క నీళ్ళు రాలేదు, ఆ కాగితానికి మాత్రం వచ్చాయి.

అందుకే నాకు ఓపిక అంటే నోరు మూసుకుని ఉండడం అని చెప్పేవాళ్ళంటే పడదు. ఈ మాట ఎప్పుడూ లేనోళ్ళకే చెప్తారు, గమనించండి. కౌలు రైతుని ఓపిక పట్టమంటారు, ధాన్యం డబ్బులు పడని రైతుని ఓపిక పట్టమంటారు, జీతం రాని లస్కరుని ఓపిక పట్టమంటారు. పైన కుర్చీలో ఉన్నోళ్ళు అర్జీ తెచ్చిన ముసలోడిని "ఇది మా సెక్షన్ కాదు పో" అని ఒక్క ముక్కలో పంపేటప్పుడు వాళ్ళకి ఎవరూ చెప్పరు. ముందు వాళ్ళు నేర్చుకోవాలి. అయితే వాళ్ళు నేర్చుకునేదాకా మన పక్కనున్నోడిని మనం కొట్టుకుతినాలా అంటే అదీ కాదు కదండీ. గొడవ పెట్టుకోవాల్సిన చోట పెట్టుకుందాం, గట్టిగానే పెట్టుకుందాం, కాగితం మీద పెట్టుకుందాం, సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, అది వాడుకుందాం. చేతికి అందాడు కదా అని ఎదురుగా ఉన్న చిన్న ఉద్యోగి మీద పడితే మన పనీ అవ్వదు, వాడికి ఆ రోజు అన్నం సహించదు.

రైల్వే గేటు సంగతి చూడండి. చాలామందికి తెలీదు, నాకూ మొన్నటి గొడవ తర్వాత ఆ గేట్‌మ్యానే చెప్పాడు. రైలు వస్తోందంటే స్టేషన్ నుంచి ఆయనకి ఫోన్ వస్తుంది, ఒకళ్ళకొకళ్ళు నంబర్లు చెప్పుకుని రిజిస్టర్లో టైముతో సహా రాసుకుంటారు, అప్పుడు గేటు వేసి లాక్ చెయ్యాలి. గేటుని సిగ్నల్‌తో ముడిపెట్టి ఉంటారు, గేటు పూర్తిగా పడి లాక్ అయితేనే రైలుకి సిగ్నల్ పడుతుంది. అంటే మనం గేటు దిగుతుండగా బండి వంచి కింద నుంచి దూర్చామనుకోండి, గేటు పడదు, గేటు పడకపోతే సిగ్నల్ పడదు, సిగ్నల్ పడకపోతే రైలు అవతలే ఆగిపోతుంది, అందులో ఆరేడు వందల మంది ఉంటారు, ఇవతల మనకీ గేటు ఇంకా లేటుగా లేస్తుంది. మన తొందరే మన లేటు అన్నమాట. పైగా మూసిన గేటు ఎవరైనా తెరిస్తే 1989 రైల్వే చట్టంలో 160 సెక్షన్ కింద 3 ఏళ్ళ దాకా జైలు ఉంది, విరగ్గొడితే 5 ఏళ్ళ దాకా. ఆ కుర్రోడు వచ్చి ఏకంగా గేటు తీయమంటున్నాడు, ఆయన తీస్తే ఆయన ఉద్యోగం పోయేది, తీసిన నిమిషానికి రైలు వస్తే ఎంతమంది పోయేవారో. ఇదంతా ఒక బోర్డు మీద నాలుగు లైన్లలో రాసి గేటు దగ్గర పెడితే సగం గొడవలు తగ్గుతాయని నా నమ్మకం, ఎందుకు ఆగామో తెలీక వచ్చే కోపమే ఎక్కువ.

ఇంకొకటి రాస్తాను, ఇది మంచి సంగతి. మా ఊరి రేషన్ డిపోలో పోయిన నెల లైన్లో నా ముందు ఒక ముసలావిడ. కొబ్బరికాయలు ఒలిచిన చేతులు అవి, నలభై ఏళ్ళు గునపం మీద కాయ గుచ్చి ఒలిచింది, మిగతా రోజుల్లో ఊడ్పులు. వేళ్ళ మీద గీతలు అన్నవి లేవు, అరిగిపోయి నున్నగా ఉన్నాయి. మిషన్ మీద వేలు పెడితే పడట్లేదు. ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు. వెనక నుంచి ఒకాయన "ఎంతసేపమ్మా, పక్కకి జరుగు, మేం పనులకి పోవాలి" అన్నాడు. ఆవిడ వెంటనే తప్పు చేసినదానిలా పక్కకి జరిగిపోయింది, కొంగుతో వేళ్ళు తుడుచుకుంటూ నిలబడింది, నా తప్పేనయ్యా అంది. ఆవిడ తప్పేంటండీ? మనం తినే కొబ్బరి పచ్చడికీ, కాగితంలా మడతలు పెట్టుకు తినే పూతరేకుల్లోకి పోసే నెయ్యికీ, అన్నీ ఇలాంటి చేతులే కదా వెనకాల ఉండేది.

అప్పుడు డీలర్ గారి కూతురు, డిగ్రీ చదువుతోంది, లోపల్నుంచి వచ్చింది. "మామ్మా, నువ్వు జరగకు, ఇక్కడే ఉండు" అని గ్లాసుతో నీళ్ళు తెచ్చి, ఆవిడ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఒక్కో వేలూ తడిగుడ్డతో తుడిచి, కాసేపు తన అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబెట్టి, బొటనవేలు వదిలేసి ఉంగరం వేలు పెట్టి చూసింది. పడలేదు. చిటికెన వేలు పెట్టింది, పడింది. మొత్తం నాలుగు నిమిషాలు పట్టి ఉంటుందేమో. ఈలోపు వెనకాయనకి కూడా ఏం అనిపించిందో ఏమో, ఆవిడ బియ్యం సంచి తనే మోసి సైకిల్ మీద కట్టి పెట్టాడు. నాకు ఆయన మీద కూడా కోపం లేదు, ఆయన రోజు కూలీ, అరపూట పోతే డబ్బులు పోతాయి. ఆ నాలుగు నిమిషాలు ఆయనకీ ఖరీదైనవే.

వరదల్లో మనం ఎలా ఉంటామో కూడా ఒకసారి గుర్తు చేసుకోవాలండి. మా అక్కని కోనసీమలో గోదారి మధ్యలో ఉండే ఒక లంక ఊరికి ఇచ్చాం. 1986 ఆగస్టు వరదకి నేను చిన్నపిల్లాణ్ణి, భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చిందని పెద్దోళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2022 జూలైలో మళ్ళీ 71.3 అడుగులు వచ్చింది, అప్పుడు అక్కావాళ్ళ కోసం నేను అవతలి గట్టు మీద రెండు రోజులు ఉన్నాను. పడవలు తక్కువ, జనం ఎక్కువ. ఆ రెండు రోజుల్లో నేను ఒక్క తోపులాట చూడలేదు. ముందు కడుపుతో ఉన్నోళ్ళు, తర్వాత ముసలోళ్ళు, చంటిపిల్లలు, ఎవరూ లిస్టు రాయలేదు, ఎవరూ మైకులో చెప్పలేదు, వాళ్ళకి వాళ్ళే వెనక్కి జరిగి దారిచ్చారు. ఒకాయన తన గేదెల దగ్గరే ఉండిపోయి నాలుగు పడవలు వదిలేసుకున్నాడు. పడవ నడిపే కుర్రోడిని ఎవరూ లేటయ్యిందేంటని అడగలేదు, వచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళు ఇచ్చారు. వాళ్ళే, అదే జనం, వరద తీశాక సఖినేటిపల్లి రేవులో పంటు, అదే గోదారి దాటించే పెద్ద పడవ, పది నిమిషాలు లేటయితే టికెట్లు కొట్టేవాణ్ణి బూతులు తిడతారు. నేనూ వాళ్ళల్లో ఒకణ్ణే కాబట్టి ఈ మాట అంటున్నాను.

ఎందుకంటారు ఈ తేడా? నాకు తోచింది ఏంటంటే వరదలో ఎవడి కష్టం వాడి మొహం మీదే కనపడుతుంది, పక్కోడి సామాను తడిసింది, వాడి పిల్ల ఏడుస్తోంది, అన్నీ కళ్ళ ముందే. మామూలు రోజుల్లో అందరం చొక్కాలు నలగకుండా వేసుకుని బండి మీద కూర్చుంటాం, ఎవడు ఆసుపత్రికి పోతున్నాడో, ఎవడికి నాలుగు నెలల జీతం రాలేదో తెలీదు. కష్టం లేదని కాదు, కనపడదు అంతే. లస్కరు కాలి మీద ఆ రక్తం నాకు టార్చి వెలుగులో కనపడకపోయి ఉంటే నేను ఇంకో రెండు తిట్లు తిట్టి ఇంటికెళ్ళి పడుకునేవాణ్ణి.

ఇప్పుడు నేను చేసుకునేది ఒకటుంది, పెద్ద గొప్ప పని కాదు. ఎక్కడైనా ఆగాల్సి వచ్చి ఒళ్ళు మండితే ఎదుటి మనిషిని ముందు ఒక మాట అడుగుతాను, "పొద్దున్నుంచి ఇక్కడే ఉన్నారా అండీ, ఏమైనా తిన్నారా" అని. వంద సార్లలో తొంభై సార్లు తినలేదనే చెప్తారు. ఆ మాట విన్నాక తిట్టడం కుదరదు, పని కూడా కొంచెం తొందరగానే అవుతుంది. అవ్వకపోతే ఎవర్ని కలవాలో ఆ మనిషే చెప్తాడు. మొన్న కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే లైన్‌మ్యాన్ అలాగే చెప్పాడు, స్తంభం మీద నుంచి దిగి చెమటలు కక్కుతూ, ఏ ఆఫీసులో ఏం రాసిస్తే కొత్తది తొందరగా వస్తుందో. ఇంట్లో మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు, అమ్మ ఒకే మాట నాలుగుసార్లు అడిగితే నాలుగోసారి గొంతు లేస్తూనే ఉంది, దాని మీద పని చేస్తున్నాను.

మీ పేపరుకి రెండు విన్నపాలు. దాళ్వా వంతులు పెట్టినప్పుడు జిల్లా పేజీలో ఏ కాలవకి ఏ తారీకు నుంచి ఏ తారీకు దాకా అన్నది ఊళ్ళ పేర్లతో సహా వెయ్యండి, కింద సంబంధిత ఇంజినీర్ ఆఫీసు నంబరు కూడా వెయ్యండి. రాత్రిపూట తూము కాడికి కోపంగా పోయే రైతు ముందు ఆ పేజీ చూసుకుంటాడు. రెండోది, లస్కర్ల జీతాల గురించి ఒక్కసారి మీ రిపోర్టరుని పంపి రాయించండి, వాళ్ళ గురించి ఎవరూ రాయరు.

ఈ ఏడాది మా తూము దగ్గర బోర్డు మేమే చందాలు వేసుకుని పెట్టుకున్నాం, వంతుల తారీకులు సుద్దముక్కతో రాసుకునేలా నల్లది. మొదటిరోజు రాసింది లస్కరు గారి చిన్నోడే, ఇప్పుడు మూడో తరగతి, వాళ్ళ నాన్న చెప్తుంటే వేళ్ళ మీద నిలబడి రాశాడు, "మన ఊరు, సాయంత్రం 6 గంటలు" అని.

ఇట్లు
ఒక శివారు రైతు
నరసాపురం మండలం, పశ్చిమ గోదావరి జిల్లా